మబ్బుల పుస్తకంలో ‘ఉ’

పాప ఛాతీ పైకి లేస్తోందా, కిందకి దిగుతోందా అని చూస్తూ కూర్చోవడం తప్ప నాకు వేరే పని లేని రోజుల్లో, సూర్యుణ్ణి చూసే పని వచ్చింది.

వచ్చింది అనడం కంటే మా ఆయన తెచ్చి నా నెత్తిన పెట్టాడు అనాలి. ఆయన కొండ మీది సూర్యకేంద్రంలో మెకానిక్కు. కేంద్రం అంటే పెద్ద మేడ అనుకునేరు. రేకుల కప్పు వేసిన రెండు గదులు, ముందొక పొడుగాటి వరండా, పక్కనే మేముండే క్వార్టరు, అంతే. పెరట్లో రెండు అద్దాలుంటాయి. ఒకటి సూర్యుడి వెంటే మెల్లగా మెడ తిప్పుతూ వెలుతురును పట్టుకుంటుంది. రెండోది దాన్ని గదిలోకి పంపుతుంది. లోపల కెమెరా నిమిషానికో బొమ్మ తీస్తుంది. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా అదే పని. మాకు పొద్దు గూకేసరికి భూమికి అటువైపు ఇలాంటి గదిలోనే తెల్లవారుతుంది. చంటిపిల్లను ఒకరి చంకలోంచి ఒకరు అందుకున్నట్టు వాళ్ళు అందుకుంటారు. అలాంటి గదులు భూమి చుట్టూ ఆరున్నాయట. సూర్యుణ్ణి ఎవరో ఒకరు ఎత్తుకునే ఉండాలి, కింద పెట్టకూడదు.

మా గదిలో మబ్బుల పుస్తకం రాసే పెద్దాయనకి కళ్ళలో శుక్లాలు ముదిరి, మబ్బు లేని రోజు కూడా మబ్బే రాస్తున్నాడని తెలిసింది. ఆయన్ని ఆపరేషన్‌కి పంపేశారు. వానలు పడేదాకా ఆ పుస్తకం రాయడానికి మనిషి కావాలి.

“తొమ్మిదో తరగతి సగంలో ఆగిపోయినదాన్ని. నాకేం తెలుసండీ?” అన్నాను.

“మబ్బుందా లేదా చెప్పడానికి పదో తరగతి పాసవ్వాలా? పాపని కూడా తీసుకొచ్చుకో. వరండాలో ఉయ్యాల కడతాను” అన్నాడాయన.

అత్తయ్య వంటింట్లోంచే అందుకుంది. “సూర్యుణ్ణి చూసినందుకు జీతమా? మా నాన్న బతుకంతా ఎండలోనే నిలబడ్డాడురా. ఒక్కడూ వచ్చి పుస్తకం రాయమనలేదు.”

పని తేలికైనదే. పది నిమిషాలకోసారి నల్ల అద్దం కళ్ళకి పెట్టుకుని సూర్యుడి చుట్టూ చూడాలి. ఎదుట గోడ మీద సెకను కూడా తేడా రాని గడియారం ఉంటుంది. టైము వేసి, పక్క గడిలో ఒక్క అక్షరం రాయాలి. స్వచ్ఛంగా ఉంటే ‘స్వ’. పలచని మబ్బుంటే ‘ప’. దట్టంగా ఉంటే ‘ద’. అట్ట లోపలివైపు ఆ జాబితా అంటించి ఉంది. మూడో గడి మీద ‘విశేషాలు’ అని అచ్చయి ఉంది. పెద్దాయన ఉన్నన్నాళ్ళూ అందులో ఒక్క విశేషమూ జరగలేదు.

మొదటిరోజు మా ఆయన్ని అడిగాను, ఇంతకీ ఆ బొమ్మల్లో ఏం చూస్తారని.

“వాడు కుదురుగా ఉండడే. పైనంతా ఎగుడూ దిగుడూ. ఐదు నిమిషాలకోసారి పైకి లేస్తాడు, కిందకి దిగుతాడు. లోపల పెద్ద మోత పుడుతూ ఉంటుందట, అది బయటికి రాలేక లోపలే తిరుగుతుంటుంది. ఆ మోతకి పైపొర ఊగుతుంది. ఎక్కడెంత ఊగిందో చూసి, లోపల ఏముందో లెక్క కడతారు.”

“కుండ కొట్టి చూసినట్టా?”

“ఆ. కాకపోతే కొట్టేవాడూ వాడే, మోగేవాడూ వాడే. మనం వింటూ ఉండాలంతే. మధ్యలో కాసేపు వదిలేశామా, లెక్కలో లేని మోతలు కూడా ఉన్నట్టు కనపడతాయట.”

నాకు చప్పున అర్థమైంది. ఎందుకంటే చలికాలంలో డాక్టరుగారు నాతో అన్నదీ అదే. పాపకి ఆరో నెలలో జ్వరం వచ్చి ఒకసారి ఫిట్స్ వచ్చాయి. రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ నాలో ఇప్పటికీ ఎక్కడో ఆగకుండా జరుగుతూనే ఉంటాయి. డాక్టరుగారు మందిచ్చి అన్నారు: “జ్వరంతో వచ్చినవి జ్వరంతోనే పోతాయమ్మా. జ్వరం లేకుండా ఒళ్ళు గానీ చేతులు గానీ ఉలిక్కిపడితే మాత్రం టైముతో సహా రాసిపెట్టు. విడవకుండా రాయి. గుర్తున్నవి చెప్తే నాకు పనికిరాదు. పిల్ల తల లోపల ఏముందో నేను తెరిచి చూడలేను కదా, పైకి కనిపించేదాన్నిబట్టే చెప్పాలి.”

ఒక నోటుబుక్కు కొనుక్కున్నాను. నాలుగు నెలలు అందులో తెల్లకాగితం తప్ప ఏమీ లేదు. ఆ తెలుపు చూసుకుని మురిసిపోయేదాన్ని.

ఎండలు ముదిరిన మొదటి వారంలో, ఒక మధ్యాహ్నం, ఉయ్యాలలో నిద్రపోతున్న పాప రెండు చేతులూ ఒక్కసారి పైకి విసిరి మళ్ళీ సర్దుకుంది.

నేను ఒళ్ళు పట్టుకుని చూశాను, జ్వరం లేదు. ఆకలికి కదిలిందేమో అనుకున్నాను. కాసేపటికి మళ్ళీ. ఆ మధ్యాహ్నం నేను చూసినవే తొమ్మిది.

నోటుబుక్కు ఇంట్లో ఉంది. చేతిలో మబ్బుల పుస్తకం ఉంది. విశేషాల గడి ఖాళీగా ఉంది. పెన్సిలుతో చిన్నగా ‘ఉ’ అని రాసి పక్కన టైము వేశాను. ‘ఉలికిపాటు’ అని పూర్తిగా రాయడానికి చెయ్యి రాలేదు.

అలా అలవాటైపోయింది. పగలు మబ్బుల పుస్తకంలో ‘ఉ’లు పెట్టడం, సాయంత్రం ఇంటికెళ్ళి వాటిని నోటుబుక్కులోకి ఎక్కించడం, శనివారం మా ఆయన పేజీలకి ఫొటోలు తీసి హెడ్డాఫీసుకి పంపేలోగా రబ్బరు పెట్టి చెరిపేయడం. నోటుబుక్కును పాప గుడ్డల బొత్తి కింద దాచేదాన్ని. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇంకో వింత, ఇంట్లో మంచం మీద పడుకుంటే పాప కాలి వేలు కూడా కదిపేది కాదు. రాత్రి ఎన్నిసార్లు లేచి చూసినా చెక్కబొమ్మే. అంటే ఎండ వల్ల. అంటే నా ఉద్యోగం వల్ల. అయితే మానేయాలి. మానేయాలంటే ఎందుకో చెప్పాలి. డాక్టరుగారి దగ్గరకి వెళ్ళే తేదీ ఇంకా మూడు వారాలుంది. రోజూ పొద్దున్నే ఈరోజు చెప్పేస్తాననుకోవడం, మధ్యాహ్నానికి రేపు చూద్దాంలే అనుకోవడం.

ఇంతలో మా ఆయనకి ఇంకో పిడుగు. హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది.

మధ్యాహ్నాల్లో మా గది పంపే బొమ్మల్లో, సూర్యుడి ఐదు నిమిషాల ఊపుతో పాటు ఎనిమిది నిమిషాలది ఇంకొకటి కనిపిస్తోంది. మిగతా ఐదు గదుల్లో అది లేదు. కాబట్టి అది సూర్యుడిది కాదు, మీది. వానలు పడేలోగా కారణం పట్టుకోకపోతే ఈ కాలం రికార్డు మొత్తం కొట్టేసి, పరికరాలను విప్పి ఇంకో కొండకి తరలించే సంగతి ఆలోచిస్తాం. ఇదీ ఉత్తరం.

“ఇంకో కొండకి అంటే మనల్ని కూడానా?” అంది అత్తయ్య.

“పరికరాలన్నారు. మనుషుల ఊసు లేదు” అన్నాడు మా ఆయన.

ఆ రెండు వారాలూ ఆయన మనిషి కాడు. అద్దాలు విప్పాడు, బిగించాడు. మోటార్లు మార్చాడు. వైరు వైరూ చేత్తో తడిమి చూశాడు. అన్నం కలిపి, తినడం మర్చిపోయి, ఆ చేత్తోనే బల్ల మీద లెక్కలు గీసేవాడు. “ఎవరి దిష్టి తగిలిందిరా ఆ డబ్బాకి” అని అత్తయ్య అంటే, “దిష్టి అయితే ఎనిమిది నిమిషాలకోసారి తగలదమ్మా” అన్నాడు. నవ్వలేదు. ఆ ముఖం చూశాక పాప సంగతి చెప్పే ధైర్యం నాకు ఇంకా చచ్చింది. గుమ్మంలో పడ్డవాడి మీద గుండ్రాయి వేసినట్టుంటుందనిపించింది.

ఆ హడావుడిలో ఆయన ఫొటోలు శనివారం తీయలేదు. శుక్రవారమే తీసి పంపేశాడు. ‘ఉ’లతో సహా.

సోమవారం ఫోను మోగింది. ఆయన స్పీకరు నొక్కాడు. అవతల ఎవరో కుర్రగొంతు, హెడ్డాఫీసులో పేజీలు సరిచూసే అతనట. “జాబితాలో ఉన్నవి స్వ, ప, ద. మీవాళ్ళు విశేషాల్లో ఉ అని రాస్తున్నారు. ఉ అంటే ఏమిటండీ?”

మా ఆయన నా వైపు తిరిగాడు. “ఉ ఏంటే?”

ఆ క్షణంలో నాకు ఎన్ని మాటలు రావాలి? ఉదయం, ఉరుము, ఉప్పు. నోటికొచ్చింది మాత్రం ఒకటే.

“ఉక్కపోత” అన్నాను.

అవతల ఆ అబ్బాయి రాసుకుంటున్నట్టు మెల్లగా పలికాడు. “ఉక్క... పోత. సరేనండీ.”

ఫోను పెట్టేశాక ఆయన నన్ను మెచ్చుకోలుగా చూశాడు. “బానే ఉంది. పెద్దాయన నాలుగేళ్ళలో ఒక్క విశేషం రాయలేదు. నువ్వు గాలాడకపోయినా రాస్తున్నావు.” నాకు నేలలోకి కుంగిపోవాలనిపించింది.

గురువారం, ఇంకా పన్నెండు కాలేదు, జీపు వచ్చి ఆగింది. అందులోంచి దిగింది హెడ్డాఫీసు పెద్దమేడం. ఈ ఆరు గదుల లెక్కలూ ఆవిడ చేతిమీదుగానే నడుస్తాయని ఆయన చెప్తుంటే విన్నాను. మనిషి పొట్టి, నెరిసిన జుట్టు, చెప్పులు వదిలేసి వరండాలో నా పక్కనే నేల మీద చతికిలబడింది. కుర్చీ తెస్తానంటే వద్దంది.

“మబ్బుల పుస్తకం రాసేది నువ్వేనామ్మా?”

“అవును మేడం.”

“మా కుర్రాడు నవ్వుతూ చెప్పాడు, కొండ మీద ఎనిమిది నిమిషాలకోసారి ఉక్కపోత వచ్చిపోతోందని. నాకు నవ్వు రాలేదు. టైములు చూశాను. ఒకటీ ముప్పై నాలుగు, ఒకటీ నలభై రెండు, రెండూ ఆరు, రెండూ పద్నాలుగు. మధ్యలో కొన్ని పోయినా అన్నీ ఎనిమిదో ఎక్కంలోనే పడుతున్నాయి. మేం నెల రోజులుగా కంప్యూటర్లు పెట్టి వెతుకుతున్నది నువ్వు పెన్సిలుతో రాసేశావు. ఈ ఉక్కపోత నీకెక్కడ తెలుస్తుందమ్మా? ఒంటికా? గదిలోంచి వేడిగాలి వస్తుందా?”

“మావిడకి చురుకెక్కువ మేడం” అన్నాడు మా ఆయన, స్తంభానికి ఆనుకుని నిలబడి. గొంతులో ఎంత గర్వమో. అబద్ధం మీద పడుతున్న ఆ గర్వాన్ని నేను భరించలేకపోయాను.

“ఉక్కపోత కాదు మేడం” అన్నాను. “ఉలికిపాటు.”

“ఎవరిది?”

ఉయ్యాల వైపు చూశాను.

మా ఆయన స్తంభం దగ్గర్నుంచి కదిలాడు. “ఎప్పట్నుంచి?”

“నెల దాటింది.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే నిజమైపోతుందని.”

ఆయన ఉయ్యాల తాడు పట్టుకుని నిలబడ్డాడు. మేడం మా ఇద్దరి ముఖాలూ చూసి, చేతి గడియారం చూసుకుంది. ఆ తర్వాత ఆవిడ అడిగిన మాట నాకెప్పుడూ తట్టలేదు.

“మళ్ళీ ఎప్పుడు రావాలి?”

ఉలికిపాటు ఎప్పుడు వస్తుందా అని నేను భయపడ్డాను గానీ, రావలసిన టైమంటూ ఒకటుంటుందని ఎన్నడూ అనుకోలేదు. ఒక్కొక్కటీ విడిగా గుచ్చుకుందే తప్ప, వరసగా పెట్టి చూసే గుండె నాకు లేదు.

ముగ్గురం కూర్చున్నాం. పాపకి పాలు పట్టి ఉయ్యాలలో వేశాను. ఎండ నెత్తికెక్కింది. రెండూ ఎనిమిదికి ఒకటి వచ్చింది. రెండూ పదహారుకి ఇంకొకటి. చేతులు పైకి విసరడం, సర్దుకోవడం.

“రెండూ ఇరవై నాలుగు” అంది మేడం.

నేను పాప ఛాతీ మీద చెయ్యి వేయబోయాను. “పిల్ల మీద వద్దమ్మా. ఉయ్యాల తాడు మీద వెయ్యి” అందావిడ.

వేశాను. లోపలి ఫ్యాను హోరు, కొండగాలి తప్ప ఏ చప్పుడూ లేదు. ఇరవై నాలుగో నిమిషం మీద ముల్లు పడగానే, తాడులో ఏదో జివ్వుమంది. చేప గాలాన్ని ముట్టినట్టు. ఆ వెంటనే పాప చేతులు లేచాయి.

“తాడు” అన్నాను. “ముందు కదిలింది తాడు.”

మా ఆయన తలెత్తి చూశాడు. ఉయ్యాల కట్టింది వరండా ఇనుపదూలానికి. ఆ దూలం గోడలోంచి కెమెరా గదిలోకి పోతుంది. వెలుతురును కెమెరాలోకి మళ్ళించే చిన్న అద్దం దానికే బిగించి ఉంటుంది. అక్కణ్ణుంచి వెనక గోడ దాకా పోతుంది. ఆ గోడకి గదిని చల్లబరిచే మిషను ఉంది. పొద్దుటిపూట దానికి పెద్ద పని లేదు. ఎండ మండే వేళ మాత్రం ఆగుతూ, మళ్ళీ మొదలవుతూ ఉంటుంది.

ఆయన వెనక్కి పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి చెవులు ఎర్రగా ఉన్నాయి.

“మిషను కాళ్ళ కింద రబ్బరు బిళ్ళలుండాలి మేడం. ఎండలు ముదురుతున్నాయని మిషను కడిగి, బిళ్ళలు ఆరబెట్టాను. మర్నాటికి కనపళ్ళేదు. కొత్తవి వచ్చేదాకా అని చెక్కముక్కలు పెట్టాను. తర్వాత...” ఆగిపోయాడు. “మర్చిపోయాను మేడం. అన్నీ విప్పి చూశాను గానీ, నా చేత్తో పెట్టినవి కదా అని వాటిని అనుమానించలేదు.”

“ఆ నల్ల బిళ్ళలేనా?” అంది అత్తయ్య, మంచినీళ్ళు తెచ్చి నిలబడి. “అవి నేనే తీశానురా. పిల్ల పడుకునే మంచం కిర్రుకిర్రుమంటోందని నాలుక్కాళ్ళ కిందా పెట్టాను. అప్పట్నుంచి చూడు, పిల్ల ఎంత కదలకుండా నిద్రపోతోందో. పారేసిన వస్తువనుకున్నాను. సూర్యుడివని నాకేం తెలుసు?”

మేడం నవ్వడం మొదలుపెట్టింది. నేల మీద చెయ్యి ఆనించి మరీ నవ్వింది. మా ఆయన కూడా నవ్వబోయి ఆగి, నా వైపు చూశాడు. నేను ఏడుస్తున్నాను. ఏడుస్తూనే పుస్తకంలో టైము చూసి రెండూ ముప్పై రాశాను, పక్కన ‘స్వ’ వేశాను. పది నిమిషాలకోసారి రాయాలి కదా.

ఉయ్యాలను దూలం మీంచి విప్పి చెక్కస్తంభాల మధ్య కట్టాడాయన. రెండూ ముప్పై రెండు వచ్చింది, పోయింది. నలభై వచ్చింది, పోయింది. పాప నోరు తెరుచుకుని నిద్రపోయింది. సాయంత్రం నాలుగు దాకా మేడం కదల్లేదు. ప్రతి ఎనిమిదో నిమిషానికీ ఉయ్యాలలోకి తొంగిచూసి, ఏమీ లేదన్నట్టు నాకేసి తల ఊపింది.

వెళ్ళేముందు అడిగింది. “మొదటి ‘ఉ’ ఏ రోజు పెట్టావో గుర్తుందా?”

పాప గుడ్డల కిందనుంచి నోటుబుక్కు తెచ్చి ఇచ్చాను. తేదీలు, టైములు, ముప్పై నాలుగు రోజులవి. మా ఆయన మిషను కడిగిన మర్నాటి నుంచి మొదలు. మేడం పేజీలు తిప్పుతూ చాలాసేపు ఉంది. చివర్లో చిన్నగా అంది.

“ఇక రికార్డు కొట్టేయక్కర్లేదు. మిషను ఎప్పుడెప్పుడు మొదలైందో ఇందులో ఉంది. ఆ టైముల్ని బట్టి ఆ కుదుపొక్కటీ తీసేస్తాం. మీ పాపని తీసేస్తే సూర్యుడు మిగులుతాడు.”

నోటుబుక్కు ఇవ్వనన్నాను. డాక్టరుగారికి చూపించాలి. మేడం ఒప్పుకుని పేజీ పేజీకీ ఫొటో తీసుకుంది.

డాక్టరుగారు నోటుబుక్కంతా చదివి, తర్వాత వారం పదిరోజుల తెల్లకాగితాలు కూడా ఒక్కొక్కటీ తిప్పి చూశారు. పాపని పరీక్షించారు. “ఏ జబ్బూ లేదమ్మా. ఉలిక్కిపడాల్సిన చోట ఉలిక్కిపడింది” అన్నారు. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయాను. పక్కనే మా ఆయన. “ఇంకేమైనా దాచావా?” అన్నాడు. “మీ చెక్కముక్కల సంగతి మీరు దాచలేదా?” అన్నాను. “నేను మర్చిపోయాను” అన్నాడు. “నాకు మర్చిపోవడం చేతకాదు” అన్నాను. అది తిట్టులా మొదలై, నోరు దాటేసరికి వేరేలా వినపడింది. ఆయన పాపని ఎత్తుకున్నాడు.

మంచం కాళ్ళ కింద ఇప్పుడు వేరే బిళ్ళలున్నాయి. హెడ్డాఫీసు నుంచి కొత్తవి ఎనిమిది వచ్చాయి. నాలుగు మిషనుకి, నాలుగు మీ అత్తగారికి అని చీటీ పెట్టి మరీ పంపింది మేడం. అత్తయ్య ఆ చీటీని దాచుకుంది.

వానలు పడ్డాయి. పుస్తకం నిండా ‘ద’లే. కాలం అయిపోయినా నన్ను పొమ్మనలేదు. పెద్దాయన ఆపరేషన్ చేయించుకుని వచ్చి, ఒక పూట నా పక్కన కూర్చుని పేజీలు చూసి, “నాకిప్పుడు బాగానే కనిపిస్తోంది గానీ, ఇదంతా నాకు కనపడదులే” అని లేచి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాది కొత్త పుస్తకాలు అచ్చయి వచ్చాయి. అట్ట తిప్పి చూస్తే జాబితాలో మూడు అక్షరాల కింద నాలుగోది ఉంది: ‘ఉ. ఉలికిపాటు. పరికరం పరిసరాల్లో తెలియని కుదుపు. టైముతో సహా రాయాలి.’ నేను దాన్ని వేలితో తడిమి చూశాను. పాపకి మాటలొచ్చాక తన వేలూ దాని మీద పెట్టించి, అది ఎవరి ఉలికిపాటో చెప్పాను. అచ్చులో పడ్డ నా అక్షరం అదొక్కటే. ఒక్కటి చాలు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న పాప బడి నుంచి టీచరమ్మ కబురు పెట్టింది. గుండె చేత పట్టుకుని పరుగెత్తాను. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది. తీరా చూస్తే పాప బల్ల మీద కాళ్ళూపుతూ కూర్చుని ఉంది.

“పిల్ల తెలివైనదే గానీ మొండిదండీ. అ అంటే అమ్మ, ఇ అంటే ఇల్లు, అన్నీ సరిగ్గా చెప్తుంది. ఉ దగ్గరకి వచ్చేసరికి ఉడుత అనమంటే అనదు. ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట. మీరే వినండి” అంది టీచరమ్మ. పాప వైపు తిరిగింది. “చెప్పమ్మా. ఉ అంటే?”

“నేను” అంది పాప.

టీచరమ్మ నా వైపు చూసింది, దిద్దుతానేమోనని.

నేను దిద్దలేదు.